లెమ్మా మీద ఒక్క పేరు

బీజగణితంలో నేను రాసిన మొదటి పరిశోధనా పత్రాన్ని అందరికంటే ముందు చదివింది మా బాపు. చెప్పుతో చదివాడు.

నిజామాబాదు గంజ్‌లో మాది పసుపు అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పసుపును కుప్పలు పోయించి, వేలం పాడించి, మధ్యలో కమీషను తినడం మా పని. కుప్పకో చిట్టీ పెడతారు. ఓ రోజు తెల్ల కాగితం దొరక్క ఆ చిట్టీల వెనక నా లెక్కలు రాసుకున్నాను. హమాలీలు వాటిని తీసుకెళ్లి కుప్పల మీద పెట్టేశారు. ఖరీదుదారుడొకడు చిట్టీ తిప్పి చూసి, అదేదో దొంగ గుర్తు అనుకుని మా గుమాస్తా చొక్కా గల్లా పట్టుకున్నాడు. నేనప్పటికి ఎమ్మెస్సీ పూర్తి చేసి, ఊళ్లోనే కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేరి ఏడాది. బాపుకు అదేమీ అడ్డం రాలేదు. నిండు గంజ్‌లో చెప్పు తీసి చెవి మీద కొట్టాడు.

"ఏందిరా గీ గీతలు? ఎవడు కొంటడు గీటిని?"

"ఎవడు కొనడు బాపూ. అచ్చయితయి. ఇంకో లెక్కలోడు తన కాగితంల, ఫలానోడు గిట్ల జెప్పిండని నా పేరు రాస్తడు."

"రాస్తే ఏమిస్తడు?"

"ఏం ఇయ్యడు."

రెండో దెబ్బ దానికి పడింది. ఆ ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు తర్వాత కూడా దొరకలేదు.

మన పేరు ఎవరు రాశారో తెలియాలంటే ఆ రోజుల్లో ఒకటే దారి. మీటరుగేజి బండెక్కి హైదరాబాదు వెళ్లి, యూనివర్సిటీ లైబ్రరీలో కొత్తగా వచ్చిన పత్రికల చివరి పేజీలు తిరగెయ్యాలి. పత్రం మొదలు చదివేవాణ్ణి కాదు. చివర్న ఎవరెవరి మీద ఆధారపడి రాశారో ఆ పట్టిక చూసేవాణ్ణి, పెళ్లి పందిట్లో చదివింపుల దగ్గర మన పేరు పిలుస్తారా అని చెవి ఒగ్గి కూర్చున్నట్టు. మొదటి అయిదేళ్లలో నా పేరు రెండుసార్లు కనబడింది. రెండూ నేను రాసిన పత్రాల్లోనే.

నేను పని చేసింది రింగుల మీద. రింగంటే కూడికా గుణకారమూ ఉన్న ఒక లోకం. మామూలు అంకెల్లో రెండుని మూడుతో గుణించినా, మూడుని రెండుతో గుణించినా ఒకటే. నా రింగుల్లో కాదు. ఏది ముందు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. పిల్లలకు ఇలా చెప్పేవాణ్ణి: "అడిగి తన్నుడు వేరు, తన్ని అడుగుడు వేరు. మా ఇంట్ల రెండోది నడుస్తది." పిల్లలు నవ్వేవారు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

నాకు సాయంగా దొరికినవాడు మా కాలేజీలోనే మరో లెక్చరరు. అతని తండ్రి నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి వర్ని దగ్గర పొలం కొని, కోస్తా రైతుల క్యాంపులో ఇల్లు కట్టుకున్నాడు. అప్పటికి ఇతను రెండేళ్ల పిల్లవాడు. పెరిగింది, చదివింది, జ్వరాలు పడింది అంతా ఈ నీళ్లతోనే. మాట మాత్రం ఇంట్లో వినేదే వచ్చింది. నన్ను "సేటూ" అనేవాడు. నేను "మాస్టారూ" అని వెక్కిరించేవాణ్ణి.

మా ఇద్దరి పనిలో వాటాలు ఇవి. ఏ లెక్క పట్టుకుంటే పైదేశం వాళ్లు తల తిప్పి చూస్తారో కనిపెట్టడం నాది. వాళ్లకు ఉత్తరాలు రాసి పత్రాల కాపీలు అడుక్కోవడం, పత్రికల సంపాదకులతో మర్యాదగా గీచి గీచి బేరమాడడం నాది. నిరూపించడం అతనిది. సన్నటి అక్షరాలు, కొట్టివేత లేని పేజీలు, కుడి చేతి చూపుడు వేలికి ఎప్పుడూ సిరా మరక. మూడేళ్లు మేం గింజుకున్న సిద్ధాంతానికి చివరికి మెట్టు వేసింది అతని లెమ్మా. లెమ్మా అంటే పెద్ద సిద్ధాంతం ఎక్కడానికి ముందు నిరూపించుకునే చిన్న మాట. ఒక్కోసారి సిద్ధాంతాన్ని అందరూ మరిచిపోతారు, లెమ్మా మిగిలిపోతుంది. బోధను బస్టాండు హోటల్లో, చక్కెర ఫ్యాక్టరీ నుంచి మడ్డి వాసన కొడుతుంటే, అతను దాన్ని అరపేజీలో రాసి నా ముందుకు తోశాడు. చదివి చాయ్ చల్లార్చుకున్నాను. అందులో నాది ఒక్క గుర్తు కూడా లేదు.

"దీనితో నా డాక్టరేటు అయిపోతుంది సేటూ," అన్నాడు. "నా బతుక్కి ఇదొక్కటి చాలు."

ఇద్దరి పేర్లతో పత్రం పంపాం. అక్షర క్రమంలో అతని పేరు ముందు. నేను బేరమాడబోయాను. "లెక్కలో అక్షర క్రమమే, కుదరదు" అన్నాడు. ఊరుకున్నాను.

తర్వాత అరవై తొమ్మిది వచ్చింది.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతబడ్డాయి. పిల్లల కోపం అబద్ధం కాదు. మా ఊరి కొలువుల్లో ఆంధ్ర నుంచి దిగినవాళ్లు కూర్చుంటే బోధను, మాక్లూరు పిల్లలు డిగ్రీలు చంకన పెట్టుకుని తిరుగుతున్నారు. నేనూ వాళ్ల ఊరేగింపులో నడిచాను. అయితే కోపానికి కళ్లుండవు. అది దగ్గర్లో ఎవరుంటే వాళ్ల మీద పడుతుంది. బడ్డీకొట్లు తగలబడ్డాయి, బస్సుల అద్దాలు రోడ్డు మీద ఉప్పులా పరుచుకున్నాయి. ఓ రోజు ఉదయం జీతాల సంతకాలకని మేం నలుగురం స్టాఫ్ రూములో ఉండగా యాభై మంది లోపలికొచ్చారు. ముందున్నవాడు మా బీయస్సీ మూడో ఏడు పిల్లవాడు. చేతిలో హాకీ కర్ర. మిగతా ఇద్దరు లెక్చరర్లు కిటికీ దూకేశారు. అతను కుర్చీలోంచి లేవలేదు. నేను పారిపోలేకపోయాను, నా వెనక గోడ ఉంది.

"సార్, మీరు జరుగుండ్రి," అన్నాడు పిల్లవాడు నాతో. "గీ ఆంధ్రోనితోటి మాకు పనుంది."

"గీయన గీడనే పెరిగిండు బిడ్డా. వర్ని."

"మాకు ఎరికే. జరుగుండ్రి."

కుర్చీతో సహా లాగారు. ఎవడో కడుపులో తన్నాడు. అతని కళ్లజోడు ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది, దాన్ని ఎవడో తొక్కాడు. అంత భయంలోనూ నా నోరు ఆగలేదు. నాకు తెలిసిన విద్య ఒక్కటే.

"ఎన్ని?" అన్నాను.

"ఏంది సార్?"

"ఎన్ని దెబ్బలు కొడ్తరు? చెప్పుండ్రి. గాయన సచ్చిపోతే మీ మీద ఖూనీ కేసయితది. ఓ మాట అనుకుందం."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇర్వై," అన్నాడు ఒకడు.

"ఇర్వై తింటే మన్షి బతుకుతడా? రెండు."

"పది సార్. పదికి తక్కువ ఇజ్జత్ గాదు."

"మూడు. మూడు కొట్టి ఇడ్సిపెట్టుండ్రి. ఇయ్యాల్నే బస్సెక్కి పోతడు. నాది జిమ్మ, నేనే ఎక్కిస్త."

నా జీవితంలో అంత వేగంగా కుదిరిన బేరం లేదు. ఇరవై నుంచి మూడుకు దించాను. లోపల ఎక్కడో గర్వం కూడా కలిగింది, చెప్పుకోవడానికి సిగ్గేస్తున్నా. అప్పుడు వాళ్లు అతని కుడి చెయ్యి పట్టుకుని బల్ల మీద పరిచారు. మూడు దెబ్బలూ అక్కడే పడ్డాయి. ఎన్ని అన్నది తేల్చుకున్నాను, ఎక్కడ అన్నది అడగలేదు. మొదటి దెబ్బకు కట్టె విరిగిన చప్పుడైంది, కర్ర అనుకున్నాను. మూడో దెబ్బకు అతను అరవడం మానేశాడు.

వారం తిరక్కుండానే ఆ హాకీ కర్ర పిల్లవాడి తల పోలీసు లాఠీ కింద పగిలింది. ఆస్పత్రిలో చూడ్డానికి పోయాను. నన్ను గుర్తు పట్టలేదు. ఆ ఏడాది అందరి లెక్కా అలాగే ఉంది.

మాస్టారుని వర్ని క్యాంపుకు చేర్చి వచ్చిన పదిహేను రోజులకు పత్రిక వాళ్ల నుంచి అచ్చు ప్రూఫులు వచ్చాయి. దుకాణంలో విప్పాను. బాపు అప్పటికి పోయాడు. గద్దె మీద ఇప్పుడు మా అన్న. అన్నకు ఇంగ్లీషు పేర్లు మాత్రం చదవడం వచ్చు.

"గీ పైపేరు ఎవనిది? గా వర్ని ఆయనదా?"

"అవునన్నా. ఇద్దరం కల్సి..."

మాట పూర్తి కాలేదు. మెడ పట్టుకుని పసుపు కుప్పలోకి నా మొహం కుక్కాడు. ముక్కులోకి, గొంతులోకి పొడి పోయింది. కొమ్ములు కళ్లకు గుచ్చుకున్నాయి. మా అన్న చేతులు ఇరవై ఏళ్లు బస్తాలు మోసిన చేతులు.

"అంగడి తగులబెట్టిపిస్తవారా? గోడ మీద ఏం రాసిండ్రో సూసినవా? తీసెయ్యి గా పేరు!"

లేపాడు. నేను దగ్గుతుంటే చొక్కాతో నా మొహం తుడిచాడు, చిన్నప్పటిలాగే. తర్వాత మెల్లగా చెప్పాడు.

"పిచ్చోడా, చందూరు రైతులు నలుగురు కొంచెం కొంచెం తెస్తే మనమేం జేస్తం? ఒక్కటే కుప్ప పోసి ఒక్కని పేరు మీద వేలం పాడిస్తం. అమ్ముడువోయినంక ఆళ్లాళ్లు పంచుకుంటరు. ఎవడన్న లొల్లి వెట్టిండా? గట్లనే జెయ్యి. ఇప్పుడు నీ పేరు మీద పోనీ. ఊరు సల్లవడ్డంక పంచుకోండ్రి."

గంజ్‌లో పుట్టినవాడికి ఇది న్యాయంగానే వినిపిస్తుంది. చిన్నప్పటి నుంచి చూసిన పద్ధతే. ఒకడి పేరు మీద కుప్ప పోయడం మోసం కాదు, నమ్మకం. పసుపు పంచుకోవచ్చు కాబట్టి పేరు కూడా పంచుకోవచ్చని నాకు తోచింది. ఇంకే ఊళ్లో లెక్కల మాస్టరుకైనా ఈ ఆలోచన వచ్చి ఉండదు.

ఇంకొక్క సంగతి ఉంది. అన్న నా మెడ పట్టుకున్నది అర నిమిషం. నేను అతని పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసింది మర్నాడు పొద్దున, తలుపు వేసుకుని, చాయ్ తాగాక. అప్పుడు నా మెడ మీద ఎవరి చెయ్యీ లేదు.

కాలేజీ తెరిచాక అతను తిరిగొచ్చాడు. కుడి చెయ్యి అతికింది గాని వేళ్లు ముడుచుకోవు, విప్పుకోవు. ఎడమ చేత్తో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క కిర్రుమనేది, వెనక పిల్లలు కిసుక్కుమనేవారు. డస్టరు విసిరి ఒకడి నుదురు చీల్చాడు ఓసారి. ముందు ఈగను కూడా తోలని మనిషి. నన్ను ఎప్పుడూ ఒకటే అడిగేవాడు.

"పత్రం ఏమైంది సేటూ?"

"ఇంక రాలే. ఆల్ల దగ్గర్నే ఉన్నది."

పత్రం అచ్చయింది. కాపీలు మా దుకాణం అటక మీద, గోనెసంచుల వెనక ఉన్నాయి. ఊరు చల్లబడితే చెప్దామనుకున్నాను. ఊరు చల్లబడింది. ఇంకొంచెం చల్లబడనీ అనుకున్నాను.

ఇంతలో ఒక పెద్ద చెయ్యి నా పేరు పట్టుకుంది. పైదేశంలో రింగుల మీద గ్రంథం రాస్తున్న ఆచార్యుడొకాయన తన పత్రంలో ఆ లెమ్మాకు నా పేరు పెట్టాడు. నా సిద్ధాంతం ఊసే లేదు. అరపేజీ లెమ్మా, దాని నెత్తిన నా ఇంటిపేరు. ఆయన్ని చూసి ఇంకో ముగ్గురు రాశారు. కాపీలు పంపమని రంగురంగుల తపాలా బిళ్లలున్న కార్డులు రావడం మొదలైంది. నేను గంజ్‌లో పేడాలు పంచాను. అన్న కూడా తిన్నాడు. పంచుకోవాల్సిన రోజు ఇదేనని తెలుసు. నోరు రాలేదు. ఎంత చిన్న దుకాణదారుడికైనా ధర పెరుగుతున్నప్పుడు సరుకు వదలబుద్ధి కాదు.

అతను హైదరాబాదు లైబ్రరీలో చూశాడు. పొద్దుటి బండికి దిగి, స్టేషను నుంచి నేరుగా కాలేజీకి వచ్చాడు. నేను హాజరుపట్టీలో సంతకం పెడుతున్నాను. వస్తూనే ఎడమ పిడికిలితో నోటి మీద గుద్దాడు. పై పన్ను ఒకటి ఊడి హాజరుపట్టీ మీద పడింది. కింద పడ్డవాణ్ణి లేపి మళ్లీ గుద్దాడు. పనికిరాని కుడి చేతిని నా గొంతు మీద అడ్డంగా పెట్టి గోడకు అదిమాడు. ఆ చేతిలో పట్టు లేదు, బరువు ఉంది.

"ఎవడిదిరా అది?"

ఆ స్థితిలో కూడా నేను బేరమే పెట్టాను. రక్తం మింగుతూ, "మాస్టారూ, ఇంక రెండు పత్రాలు తయారున్నయి. రెండూ నీ ఒక్కని పేరు మీద..."

"నీ పత్రాలు ఎవడిక్కావాలి సేటూ?" అని అరిచాడు. "చెయ్యి పోతే పోయింది. రాసినదైనా ఉందనుకున్నాను! నా లెమ్మా నాకియ్యి!"

ప్యూను, ఇద్దరు లెక్చరర్లు కలిసి విడదీశారు. అతను బయటికి పోయాక కూడా గోడ మీద నా తల ఆనిన చోట తడి మరక ఉంది. దాన్ని నేనే తుడిచాను.

నాలుగు రోజులు వాపు తగ్గనిచ్చి, పత్రికలో వేయించడానికి ఒక సవరణ రాసుకుని వర్ని బయల్దేరాను. చెరకు ఆడే కాలం. బోధను దాకా రోడ్డంతా బళ్లు. బస్సు కంటే ఎద్దులే నయం. క్యాంపులో అతని తండ్రి చేనిగట్టున చెరకు నరుకుతున్నాడు.

"ఈడేనా?" అన్నాడు కొడుకుతో.

"ఈడే నాన్నా."

ముసలాయన కత్తి విసిరాడు. నా చెవి పక్కనుంచి పోయి బండి నొగలో దిగబడింది. కావాలనే తప్పించాడో, చూపు ఆనక తప్పిందో ఇప్పటికీ తెలియదు. నా కాళ్ల కింద తడిసింది. అది కాలువ నీళ్లని చెప్పుకుంటూ వచ్చాను.

అతను సవరణ చదివాడు. "పొరపాటున రెండో రచయిత పేరు జారిపోయినది అని రాశావు. పొరపాటా?"

"ఇంగ్లీషుల గట్లనే రాస్తరు మాస్టారూ. మర్యాద."

"తీసెయ్యి."

"సరే. 'అనివార్య కారణాల వల్ల'."

"తీసెయ్యి."

"'రచయిత తప్పిదం వల్ల'. గింతకంటె దిగను నేను. నా కొలువున్నది."

"'తెలిసి తీసేశాను' అని రాయి."

"అచ్చెయ్యరు."

"వాళ్ల సంగతి వాళ్లది. నువ్వు రాయి."

మధ్యాహ్నం దాకా బేరమాడాను. ఒక్క మాట దగ్గర అతను అంగుళం కదల్లేదు. కదలని మనిషితో బేరం ఎలా ముగించాలో మా బాపు నాకు నేర్పలేదు. గట్టు మీద కూర్చుని రాశాను: తెలిసి తీసేశాను. అతను చదివి, కార్బను కాపీ తన దగ్గర పెట్టుకున్నాడు. మంచినీళ్లు అడిగితే, "బోధన్లో తాగు," అన్నాడు.

పత్రిక వాళ్లు మూడు వరుసలు వేశారు. ఫలానా పత్రానికి రచయితలు ఇద్దరుగా చదువుకోవాలి, అంతే. ఎందుకన్నది వాళ్లు కొట్టేశారు. సవరణ వచ్చిందని అన్నకు తెలిసిన రోజు నా పుస్తకాల పెట్టె వీధిలో పడింది, నేనూ పడ్డాను. వేరు కాపురం పెట్టాను. ఆ సవరణ మీద అతనికి డాక్టరేటు ఇవ్వడానికి యూనివర్సిటీ ఒప్పుకోలేదు. లెమ్మా అప్పటికే నా పేరుతో ఆ ఆచార్యుడి గ్రంథంలోకి ఎక్కింది. గ్రంథం చూసి రాసేవాళ్లు సవరణ చూడరు. అతను ఎడమ చేత్తో ఇంకో పత్రం రాశాడు. అందులో తన లెమ్మానే వాడుకోవాల్సి వచ్చి, ఆధారాల పట్టికలో నా పేరు రాసి, దాని కింద సవరణ కూడా రాశాడు. సవరణను పట్టించుకున్న పత్రం నాకు తెలిసి అదొక్కటే.

డెబ్భైల చివర్లో హైదరాబాదులో రింగుల మీద సదస్సు జరిగింది. ఇద్దరం వెళ్లాం, వేరు వేరు బోగీల్లో. వేదిక మీద ఓ యువకుడు మాట్లాడుతూ బోర్డు మీద ఆ లెమ్మా రాసి, పైన నా పేరు రాసి, కింద గీత గీసి, "వారు ఈ సభలోనే ఉన్నారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. అతను నాకు రెండు వరుసల ముందు కూర్చున్నాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని పిసుకుతున్నాడు.

లేచి నిలబడ్డాను. "అది నాది కాదు. ఈయనది. ఈయన పేరు నేనే తెలిసి తీసేశాను."

నవ్వారు. నా వినయానికి మళ్లీ చప్పట్లు కొట్టారు. ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాను. అధ్యక్షుడు చెయ్యెత్తి, "వారి సంస్కారం అలాంటిది" అన్నాడు. అతను లేచి, బెంచీని మోకాలితో నెట్టుకుంటూ బయటికి పోయాడు. వరండాలో చాయ్ గ్లాసు గోడకేసి కొట్టిన చప్పుడైంది. ఆ వెంటనే ఇంకొకటి.

నేను వేదిక దగ్గరికి వెళ్లి బోర్డు మీద నా పేరు చేత్తోనే తుడిచి అతని పేరు రాశాను. "ఆధారం చెప్పండి సార్," అన్నారు వెనకనుంచి. సవరణ వచ్చిన పత్రిక పేరు, సంపుటం, పేజీ చెప్పాను. రెండోసారి మెల్లగా, రాసుకోవడానికి వీలుగా చెప్పాను. ఎవరి పెన్సిలూ కదల్లేదు.